టోపీల ఊరి నుంచి గ్రానైట్ దీవి దాకా

అమెరికా ఈశాన్యాన బడులు జూన్‌లో మూతపడితే మళ్లీ తెరుచుకునేది ఆగస్టు చివర్లోనో సెప్టెంబరు మొదట్లోనో. దాదాపు పది వారాల ఈ సెలవుల్లో కొన్నాళ్లు ఇల్లు విడిచి, ఏ పాత పొలంలోనో అడవి అంచునో బస చేసి, కుండ చేయడం, గాజు ఊదడం, బట్ట నేయడం, ఇనుము సాగగొట్టడం నేర్చుకునే పిల్లల కోసం నడిచేవి చేతిపనుల వేసవి శిబిరాలు. వచ్చేవాళ్లు ఎక్కువగా పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల లోపువాళ్లు. కొన్ని శిబిరాలు రెండు మూడు వారాలు, కొన్ని ఏడెనిమిది వారాలు. తిండి, పడక, పనిముట్లు, నేర్పేవాళ్లు అంతా ఒకే ఆవరణలో. న్యూ ఇంగ్లండ్ అనే ఈశాన్య రాష్ట్రాల్లో ఈ అలవాటు పాతది. న్యూయార్క్‌లో బయలుదేరి కనెటికట్, మసాచుసెట్స్ దాటి మెయిన్ తీరం చేరే నాలుగు రోజుల కారు ప్రయాణంలో అలాంటి చోట్లు మూడు తగులుతాయి. వాటికి ముందు ఆ నేల మీదే చేతులతో బతికినవాళ్ల జాడలూ దారి పొడవునా తగులుతాయి. ఈ రెంటినీ కలిపి చూసినప్పుడే శిబిరం అంటే ఏమిటో సరిగ్గా తెలుస్తుంది.

న్యూయార్క్ నుంచి ఉత్తరానికి దాదాపు వంద కిలోమీటర్లు వెళ్తే డాన్‌బరీ. 19వ శతాబ్దంలో దీనికి టోపీల నగరమని పేరు. కుందేలు బొచ్చును పాదరసపు లవణంతో తడిపి, ఆవిరి పట్టి, వత్తి టోపీ బట్ట చేసేవారు. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్ల చేతులు వణికేవి, మాట తడబడేది. ఊళ్లో ఆ జబ్బుకు ‘డాన్‌బరీ వణుకు’ అనే పేరే పడింది. టోపీల తయారీలో పాదరసం వాడకానికి 1941లో గానీ అడ్డుకట్ట పడలేదు. ఇప్పుడు అక్కడ ఆ కార్ఖానాల సందడి లేదు. ఊరు దాటగానే ఏడో నంబరు రోడ్డు చెట్ల మధ్య నుంచి హూసటానిక్ నది పక్కగా న్యూ మిల్‌ఫర్డ్‌కు తీసుకెళ్తుంది.

న్యూ మిల్‌ఫర్డ్ పొరుగునే వాషింగ్టన్ అనే చిన్న ఊరు ఉంది. రాజధానికీ దీనికీ పేరు ఒకటే, సంబంధం లేదు. అక్కడ బడి నడిపిన ఫ్రెడరిక్ విలియం గన్ 1861 వేసవిలో తన విద్యార్థులను వెంటబెట్టుకుని నలభై మైళ్లు నడిపించి సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లాడు. గుడారాల్లో ఉంచి, చేపలు పట్టించి, పడవలు నడిపించి తిరిగి తెచ్చాడు. అంతర్యుద్ధం మొదలైన ఏడాది అది. సైనికుల్లా గుడారాల్లో పడుకోవాలని పిల్లలకే మోజుగా ఉండేది. అమెరికాలో వేసవి శిబిరానికి మొదలు ఇదేనని చాలామంది చెబుతారు. ఆ తర్వాత వచ్చిన శిబిరాల్లో ఎక్కువ భాగం ఈత, పడవలు, ఆటల చుట్టూ తిరిగాయి. చేతిపనికి రోజులో ఒక గంట కేటాయించేవారు. వాన పడితే రెండు గంటలు.

ఈ వరస మారిన చోట్లలో న్యూ మిల్‌ఫర్డ్‌లోని బక్స్ రాక్ ఒకటి. ఎర్నెస్ట్ బులోవా, ఇల్స బులోవా అనే దంపతులు వియన్నా నుంచి వచ్చిన విద్యావేత్తలు, మరియా మాంటిసోరి పద్ధతిలో తర్ఫీదు పొందినవాళ్లు. నాజీల నుంచి తప్పించుకుని అమెరికా చేరి, 1940ల తొలి ఏళ్లలో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే ఈ శిబిరం పెట్టారు. మొదట దాని పేరులోనే ‘పని శిబిరం’ అని ఉండేది. మగవాళ్లు యుద్ధానికి వెళ్లడంతో పొలాల్లో మనుషులు కరవయ్యారు. పిల్లలు కూరగాయలు పండించారు, కోళ్లను సాకారు. పొలంతో పాటు వడ్రంగం, కుమ్మరం, మగ్గం వచ్చి చేరాయి. సరిగ్గా ఆ ఏళ్లలోనే మాంటిసోరి ఇండియాలో ఉన్నారు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల తిరిగి వెళ్లలేక, అక్కడా కొడైకెనాల్‌లోనూ ఉపాధ్యాయులకు పాఠాలు చెప్పారు. కోస్తా, రాయలసీమ జిల్లాలకు అప్పుడు మద్రాసే రాజధాని. పిల్లలు తమ పని తామే ఎంచుకోవాలన్న ఒకే ఆలోచన ఒకే కాలంలో కనెటికట్ అడవిలోనూ అడయారు చెట్ల నీడనా సాగిందన్నది ఈ దారిలో గుర్తు చేసుకోదగ్గ సంగతి.

బక్స్ రాక్‌లో ఆ ఆలోచన అమలైన తీరు ఇది. పొద్దున టిఫిన్ అయ్యాక పిల్లవాడు ఏ పనికి వెళ్లాలో ఎవరూ చెప్పరు. గాజు కొలిమి, వెండి పని, కుట్టు, అచ్చు, తోలు పని, నాటకం, పొలం, అన్నీ తెరిచే ఉంటాయి. నచ్చిన దగ్గరికి వెళ్లొచ్చు. రోజంతా ఒకే చోట ఉండొచ్చు, వారమంతా ఉన్నా అడిగేవారు లేరు. గంట కొట్టి లేపి మరో తరగతికి తోలే పద్ధతి లేదు. పన్నెండేళ్ల పిల్లకు మొదటి మూడు రోజులు ఇది సుఖంగా ఉండదు. ఏం చేయాలో తోచక ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరుగుతుంది. అలా తిరగనివ్వడమే ఇక్కడి పెద్దల పనిలో కష్టమైన భాగం. నాలుగో రోజుకో ఐదో రోజుకో ఏదో ఒక బల్ల దగ్గర ఆగుతుంది. ఆగిన తర్వాత భోజనానికి రమ్మని పిలవాల్సి వస్తుంది. వేసవి చివర పండుగ రోజున తల్లిదండ్రులు వచ్చి, పిల్లలు చేసినవన్నీ చూస్తారు.

కనెటికట్ నుంచి ఉత్తరానికి రెండు గంటలు వెళ్తే పశ్చిమ మసాచుసెట్స్‌లో విలియమ్స్‌బర్గ్. కొండల మధ్య నుంచి మిల్ రివర్ అనే చిన్న ఏరు దిగుతుంది. పేరుకు తగ్గట్టే ఒకప్పుడు దాని పొడవునా పట్టు మిల్లులు, గుండీల కార్ఖానాలు, ఇత్తడి సామాన్ల కార్ఖానాలు ఉండేవి. ఎండాకాలంలోనూ చక్రాలు తిరగాలని మిల్లుల యజమానులే కలిసి ఎగువన మట్టికట్ట వేశారు. ఖర్చు తగ్గించుకోవడానికి పని నాసిగా చేయించారు. 1874 మే 16 పొద్దున్న ఆ కట్ట తెగింది. కాపలాదారు గుర్రాన్ని ఊళ్లోకి ఉరికించి కేక వేశాడు, ఆ కేక విన్న పాలబండి మనిషి బండిని దిగువ ఊళ్ల దాకా పరుగెత్తించి చాలామందిని బతికించాడు. అయినా 139 మంది పోయారు. వాళ్లలో మిల్లు పనివాళ్లు ఎందరో. మిల్లుల్లో ఒకటి అక్కడినుంచి హోల్యోక్ నగరానికి తరలిపోయింది. ఇప్పుడు ఆ ఏటి పక్కన నడిస్తే నీళ్ల చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు.

ఆ ఊరి కొండ మీదే స్నో ఫార్మ్ ఉంది. పేరు చెప్పినట్టే ఒకప్పటి పొలం. హైస్కూలు పిల్లల వేసవి కార్యక్రమంగా 1980లలో ‘హొరైజన్స్’ పేరుతో మొదలై, తర్వాత పెద్దలకూ తరగతులు పెట్టింది. పశువుల కొట్టాల్లాంటి కట్టడాల్లో గాజు, వెల్డింగు, మట్టి, నగలు, బట్టల పనులు. ఇక్కడ ఏడాదికోసారి జరిగే అమ్మకం ప్రత్యేకం. చుట్టుపక్కల వృత్తికారులు చిన్న లోపాలున్న తమ వస్తువులు ఇస్తారు. మెరుపు పూత ఒకచోట జారిన గిన్నె, మూత కాస్త వంగిన జాడీ లాంటివి. జనం బారులు తీరి కొంటారు. పదిహేనేళ్ల పిల్లవాడికి ఇది పెద్ద పాఠం. ఇరవై ఏళ్లుగా సారె తిప్పుతున్న మనిషి చేతిలోనూ వంకరలు వస్తాయని బల్ల మీద వరసగా పేర్చి చూపించే చోటు ఇంకెక్కడుంది?

ఇలాంటి పనులకు ఇల్లు విడిచి వారాల తరబడి ఉండటం ఎందుకు, సాయంత్రం తరగతి చాలదా అన్నదానికి జవాబు మట్టిలోనే ఉంది. సారె మీద తీసిన గిన్నె అదేరోజు పూర్తి కాదు. తోలులా గట్టిపడేదాకా, అంటే ఒక రోజో రెండు రోజులో, గుడ్డ కప్పి ఉంచాలి. అప్పుడు తలకిందులు చేసి అడుగు చెక్కాలి. తర్వాత పూర్తిగా ఆరాలి. వాన పట్టిన వారంలో ఆరడానికి ఐదారు రోజులు పడుతుంది. తడి మిగిలి ఉండగా కాలిస్తే లోపలి నీరు ఆవిరై కుండ పగిలిపోతుంది, పక్కనున్నవాళ్ల కుండలనూ పాడుచేస్తుంది. మొదటి కాల్పు వెయ్యి డిగ్రీల సెల్సియస్ దరిదాపు. బట్టీ చల్లబడటానికి ఒక రోజు. పైన గాజు పూత వేసి, రెండోసారి ఇంకా ఎక్కువ వేడికి, 1,200 దాటి కాల్చాలి. మళ్లీ చల్లబడాలి. లెక్క వేస్తే తొలి గిన్నె చేతికి రావడానికి రెండు వారాలు. ఈ మధ్యలో ఎవరో ఒకరు రాత్రి పూట వచ్చి గుడ్డ తడపాలి, పొద్దున్నే చూడాలి. పక్క గదిలో పడుకునేవాడే ఆ పని చేయగలడు. వారానికి ఒకరోజు వచ్చేవాడు అడుగు చెక్కే వేళ దాటిపోయాక వస్తాడు.

గాజు సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ నిమిషాల లెక్క. కొలిమిలో 1,100 డిగ్రీల దగ్గర గాజు తేనెలా చిక్కగా, నారింజ రంగులో వెలుగుతూ ఉంటుంది. బోలు ఇనుప గొట్టం కొసను అందులో ముంచి తిప్పితే తేనె చెంచాకు చుట్టుకున్నట్టు చుట్టుకుంటుంది. బయటికి తీసిన క్షణం నుంచి గొట్టం తిప్పుతూనే ఉండాలి. ఆగితే గాజు ఒక పక్కకు జారుతుంది. పదహారేళ్ల అమ్మాయి బల్ల మీద కూర్చుని ఎడమచేత్తో గొట్టం తొడ పక్కగా దొర్లిస్తూ, కుడిచేత్తో తడిపిన న్యూస్‌పేపరు మడత పట్టి గాజు ముద్దను దువ్వుతుంది. తడి కాగితం నుంచి పొగ లేస్తుంది, అరచేతికీ ఎర్రటి గాజుకూ మధ్య ఉన్నది ఆ మడత ఒక్కటే. అవతల కొసన ఇంకొకడు మోకాళ్ల మీద కూర్చుని, ఆమె చెప్పినప్పుడు ఊదుతాడు. గట్టిగా ఊదితే పలచబడి చిట్లుతుంది, మెల్లగా ఊదితే కదలదు. అరనిమిషంలో రంగు వాడుతుంది, మళ్లీ మంటలో పెట్టాలి. చివర గొట్టం నుంచి విడిచి, దాదాపు 480 డిగ్రీల పెట్టెలో ఉంచి రాత్రంతా మెల్లమెల్లగా చల్లార్చాలి. బయట వదిలేస్తే పది నిమిషాలకు టిక్కుమని రెండు ముక్కలవుతుంది. ఒంటరిగా గ్లాసు ఊదడం కొత్తవాళ్ల వల్ల కాదు. నిన్న భోజనాల దగ్గర పలకరించని కుర్రాడే ఈవేళ ఆమె గొట్టం కొసన ఊదాలి. తరగతి గదిలో జతలు కట్టించి నేర్పాలని చూసే సహకారం ఇక్కడ పనిలోనే ఉంది.

తెలుగు పాఠకుడికి ఇందులో ఒకటి తెలిసినట్టే అనిపిస్తుంది. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి లక్క రంగు ఎక్కించే ఇళ్లలోనూ, కొండపల్లిలో తెల్లపొణికి చెక్కి బొమ్మలు అతికే ఇళ్లలోనూ పిల్లలు నేర్చింది ఇలాగే, పనీ పడకా ఒకే కప్పు కింద ఉండటం వల్ల. చింతగింజల జిగురు కాచే వాసన మధ్య పెరిగినవాడికి ముద్ద ఎప్పుడు పదునుకొస్తుందో ఎవరూ వేరే పాఠం చెప్పరు. తేడా ఒకటుంది, అది చిన్నది కాదు. ఆ ఇళ్లలో పిల్లవాడు చెక్కిన బొమ్మ సంతకు వెళ్లాలి, ఆ డబ్బు ఇంటికి రావాలి. వృత్తి అతను ఎంచుకున్నది కాదు, పుట్టుకతో వచ్చింది. శిబిరంలో ఎంపిక పిల్లలది, ఖర్చు తల్లిదండ్రులది. కొన్ని వారాలకు వేల డాలర్లు అవుతుంది. ఉపకార వేతనాలు ఉన్నాయి గానీ అందరికీ అందవు. న్యూజెర్సీ, కనెటికట్ శివార్లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ డబ్బు పెద్ద అడ్డు కాకపోవచ్చు. అక్కడ అడ్డు వేసవి లెక్కే. శాట్ పరీక్ష తర్ఫీదు, లెక్కల తరగతులు, ఇండియా ప్రయాణం పోను మిగిలే రోజులు తక్కువ. మిగిలిన రోజుల్లో మట్టి పిసకడానికి పిల్లను పంపాలంటే ఇంట్లో ఒకరు గట్టిగా నిలబడాలి.

విలియమ్స్‌బర్గ్ నుంచి మెయిన్‌కు వెళ్లే దారిలో లోవెల్ దగ్గర ఆగకుండా వెళ్లడం తప్పు. ఈ ప్రయాణంలో అసలు చూడాల్సిన చోటు ఇదే. మెరిమాక్ నది ఒడ్డున 1820లలో నూలు మిల్లుల కోసమే కట్టిన నగరం. న్యూ ఇంగ్లండ్ పల్లెల నుంచి పదిహేను, పదహారు, ఇరవై ఏళ్ల అమ్మాయిలను తెచ్చి, కంపెనీ కట్టిన వసతిగృహాల్లో ఉంచి పని చేయించుకున్నారు. అదీ ఇల్లు విడిచిన బతుకే. అదీ ఒకే ఆవరణలో తిండి, పడక, పని. తెల్లవారకముందే గంట, రోజుకు పన్నెండు పదమూడు గంటలు మగ్గాల మధ్య నిలబడటం, రాత్రి పదికి తలుపులు మూత. ఒక్కో గదిలో నలుగురు, ఆరుగురు, మంచానికి ఇద్దరు. లూసీ లార్కమ్ తల్లి అలాంటి వసతిగృహం నడిపేది. లూసీ పదకొండేళ్లకే మిల్లులో చేరి, పెద్దయ్యాక రచయిత్రిగా పేరు తెచ్చుకుని, 1889లో తన బాల్యం గురించి పుస్తకం రాసింది. ఆ అమ్మాయిలే 1840 నుంచి 1845 వరకు ‘లోవెల్ ఆఫరింగ్’ పత్రిక నింపారు. కూలి తగ్గించినప్పుడు 1834లోనూ, గృహాల అద్దె పెంచినప్పుడు 1836లోనూ పని మానేసి వీధిలోకి వచ్చారు.

1978 నుంచి ఆ మిల్లులు జాతీయ చారిత్రక ఉద్యానంగా ఉన్నాయి. బూట్ మిల్లులోని నేత గదిలో పాత మరమగ్గాలను ఇప్పటికీ నడిపి చూపిస్తారు. లోపలికి వెళ్లేముందు చెవుల్లో పెట్టుకోవడానికి బిరడాలు ఇస్తారు. గదిలో ఉన్నవాటిలో కొన్ని మగ్గాలే తిరుగుతాయి, అయినా నేల అదురు అరికాళ్లకు తెలుస్తుంది, పక్కమనిషి మాట వినపడదు. ఐదు నిమిషాలకు జనం బయటికి వచ్చేస్తారు. స్నో ఫార్మ్ లాంటి చోట పడుగు పోగులను ఒక్కొక్కటే మగ్గం కళ్లలోంచి తీస్తూ పొద్దంతా గడిపిన పదిహేనేళ్ల పిల్లను ఇక్కడికి తీసుకొస్తే, ఆ గదిలో తన వయసువాళ్లు నిలబడ్డారన్నది ఎవరూ వివరించక్కర్లేదు.

లోవెల్ నుంచి మెయిన్ తీరం మీద డీర్ ఐల్ దాకా నాలుగైదు గంటలు. దీవికి వెళ్లే సన్నటి వేలాడే వంతెన 1939లో డేవిడ్ స్టైన్‌మన్ కట్టింది. గాలికి అది ఊగడం మొదలుపెట్టింది. 1940 నవంబరులో దానిలాంటి టకోమా వంతెన గాలికే కూలిపోయింది. స్టైన్‌మన్ దీనికి అదనపు తీగలు బిగించి నిలబెట్టాడు. ఈ వంతెన వీపు మీద ఎక్కి దిగితే సముద్రం రెండు పక్కలా ఒక్కసారిగా కనిపిస్తుంది. దీవి కొసన స్టోనింగ్టన్. ఇప్పుడు లాబ్‌స్టర్ పడవల ఊరు, ఒకప్పుడు గ్రానైట్ గనుల ఊరు. ఇక్కడి గులాబి జీర గ్రానైట్ ఆర్లింగ్టన్‌లో కెన్నెడీ సమాధి దాకా వెళ్లింది. రేవు దగ్గర రాయి చెక్కే మనిషి విగ్రహం ఉంది.

అదే దీవిలో, అడవి సముద్రంలోకి దిగేచోట, హేస్టాక్ మౌంటెన్ చేతిపనుల పాఠశాల ఉంది. 1950లో మెయిన్ లోపలి భాగంలో ఆ పేరున్న కొండ దగ్గర పుట్టి, కొత్త రోడ్డు పడటంతో 1961లో ఇక్కడికి వచ్చింది. పేరు మాత్రం పాత కొండదే. కట్టడాలు గీసింది ఎడ్వర్డ్ లారబీ బార్న్స్. రాతి మీద ఉన్న పలచటి మట్టి, నాచు చెడకుండా గదులన్నీ కర్ర కాళ్ల మీద నిలబెట్టాడు. వాటిని కలుపుతూ చెక్క నడవలు, మధ్యలో నేరుగా సముద్రం దాకా దిగే మెట్లు. పైనుంచి చూస్తే మెట్లకు అటూ ఇటూ వాలుకప్పులు, చివర నీళ్లు. 1994లో అమెరికా ఆర్కిటెక్టుల సంస్థ దీనికి పాతికేళ్లు నిలిచిన కట్టడాలకిచ్చే పురస్కారం ఇచ్చింది. గాజు శిల్పి డేల్ చిహులీ ఇక్కడ పాఠం చెప్పి వెళ్లాకే 1971లో పశ్చిమ తీరాన పిల్‌చక్ గాజు పాఠశాలకు పునాది వేశాడు. ఇక్కడ మార్కులు లేవు, పట్టా లేదు.

వేసవి తరగతులు పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే. అయితే మెయిన్ రాష్ట్రం హైస్కూళ్ల పిల్లలకు ఇక్కడే మూడు రోజుల ఆవాస శిబిరం ఉంటుంది. లాబ్‌స్టర్ పట్టేవాళ్ల పిల్లలు, కలప కొట్టేవాళ్ల పిల్లలు, ఊళ్లో బొమ్మల తరగతి కూడా సరిగా లేని బడుల వాళ్లు వస్తారు. మూడు రోజుల్లో మట్టి ఆరదు, పెద్ద బట్ట నేయడం అవదు. కమ్మరి కొలిమి దగ్గర మాత్రం మధ్యాహ్నానికే ఒక కొక్కెం తయారవుతుంది. ఇనుము పసుపు రంగుకు వచ్చినప్పుడు దాగలి మీద పెట్టి కొట్టాలి, ఎరుపు నల్లబడితే ఆగాలి. ఇది రెండు గంటల్లో చేతికి తెలుస్తుంది. రాత్రి భోజనం తర్వాత కూడా పని గదుల్లో దీపాలు వెలుగుతాయి. పది దాటాక నడవ మీద బూట్ల చప్పుడు వింటే ఎవరో పడకకు వెళ్తున్నారనుకోకూడదు, తిరిగి పనికి వెళ్తున్నవాళ్లూ ఉంటారు.

చివరి రోజు ఎవరి బల్ల వాళ్లు శుభ్రం చేసి అప్పగించాలి. కుమ్మరం గదిలో చీపురు పట్టనివ్వరు. ఎండిన మట్టి దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. గ్రానైట్ చెక్కినవాళ్లు దగ్గి దగ్గి పోయింది ఆ దుమ్ముతోనే. అందుకే పిల్లలు బకెట్లలో నీళ్లు తెచ్చి, స్పాంజితో బల్లలు, సారెలు, నేల తుడుస్తారు. నీళ్లు చిక్కటి బూడిద రంగుకు తిరిగేసరికి పారబోసి, కొత్తవి పట్టుకొచ్చి, స్పాంజికి మట్టి అంటకుండా పోయేంత వరకు మళ్లీ తుడుస్తారు.